రెండు గంటల సైరనుకు ఐరన్ బిళ్ల

1993లో మిర్యాలగూడలో, బస్టాండుకూ రైలు స్టేషనుకూ మధ్య రోడ్డు మీద నాకొక మందుల దుకాణం ఉండేది. పుట్టింది కోదాడలో. డి.ఫార్మసీ చదివాక 1982 నుంచి 1987 వరకు సూర్యాపేటలో ఒక దవాఖానలో ఫార్మసిస్టుగా పనిచేసి, ఆ తర్వాత నా పేరు మీద లైసెన్సు తీసుకుని ఈ దుకాణం తెరిచాను. ఫార్మసిస్టు అంటే డాక్టరు రాసిన చీటీ చూసి, సరైన మందు సరైన లెక్కలో ఇచ్చి, దాన్ని ఎలా వాడాలో చెప్పే మనిషి. ఇందులో మూడో పనిని నేనెంత తేలికగా తీసుకున్నానో ఈ కేసు వచ్చేదాకా నాకు తెలియలేదు.

నాకు రాసుకునే అలవాటుంది. చట్టం కొన్ని రకాల మందులకే రిజిస్టరు రాయమంటుంది. నేను అన్నింటికీ రాసేదాన్ని. తేదీ, పేరు, మందు, ఎన్ని బిళ్లలు, చివరి గడిలో నేను నోటితో చెప్పిన మాట. ఇక్కడ చెప్పే తేదీలూ అంకెలూ ఆ పుస్తకంలోవే. పుస్తకంలో లేనిది ఉంటే లేదనే చెప్తాను.

ఆగస్టు 9, సోమవారం, పదకొండు గంటల వేళ ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. పెద్దావిడకు యాభై ఉంటాయి. మోచేతి పైదాకా తెల్లటి గాజులు, అద్దాల రవికె. పేరు చాంది. దామరచర్ల దిక్కు ఒక తండాలో కాపురం. తండాలో కాన్పులు చేసేది ఆమేనని తర్వాత తెలిసింది. ఆమె వెనక సన్నగా, పొడుగ్గా ఒక అమ్మాయి, కోడలు సుజాత. హాస్టల్లో ఉండి ఇంటర్ పాసైంది. భర్త లారీ డ్రైవరు.

"మందులమ్మా, గిది నా కోడలు. పోలీసు కొలువుకు ఉరుకుతున్నది. ఒంట్ల నెత్తురు లేదన్నది డాక్టరమ్మ. నెత్తురు పట్టే మందులియ్యి, మంచివి సూసి," అంది చాంది.

పక్క సందులోని లేడీ డాక్టరు రాసిన చీటీ అది. హిమోగ్లోబిన్ 8.4. రక్తంలో ప్రాణవాయువును మోసే ఎర్ర పదార్థం హిమోగ్లోబిన్. ఆడవాళ్లకు పన్నెండు ఉండాలి. అది తక్కువైతే కొంచెం ఉరికినా ఊపిరి చాలదు. చీటీ కింద డాక్టరు ఒక వాక్యం రాసి దానికింద గీత గీసింది: పది దాటేదాకా పరుగు వద్దు, నడక మాత్రమే.

"ఉరుకుడు పరీక్ష ఎప్పుడు?" అని అడిగాను.

సుజాత చెప్పింది. "డిసెంబర్ల ఉంటదంటున్నరు మేడం. ఈసారి పోతే నా వయసు దాటిపోతది. ఇగ అప్లికేషనే తీస్కోరు."

"ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు. నాలుగు నెలలు. సరిపోతుంది," అన్నాను. నాలుగు నెలల్లో ఎనిమిదిన్నర దగ్గర నుంచి పది దాటడం పెద్ద కష్టం కాదు. మాట ఇచ్చినట్టే అన్నాను.

చీటీలో ఉన్నవి రోజుకొక ఐరన్ బిళ్ల, రోజుకొక కాల్షియం బిళ్ల, పేగుల్లో పురుగులు పోవడానికి ఒక రాత్రికి ఒకే ఒక్క బిళ్ల. నాట్లప్పుడు ఉత్త కాళ్లతో మడిలో దిగే వాళ్లకు ఈ పురుగు మందు తప్పనిసరిగా రాసేవాళ్లు. వీటికి తోడు, కాలేజీ గ్రౌండులో ఆ పిల్లకు పరుగు నేర్పుతున్న పీఈటీ సారు విడిగా ఒక ముక్క కాగితం మీద ప్రోటీన్ పౌడరు అని రాసిచ్చాడు. కండ పెరగడానికి పాలలో కలుపుకునే పొడి అది. అప్పట్లో మా ఊళ్లో ఆ డబ్బా అడిగేవాళ్లు నెలకు ఇద్దరో ముగ్గురో.

చాంది ఐరన్ అట్ట తిప్పి చూసింది. "గీ ఎర్ర బిళ్ల వేడి చేస్తదంటరు. మా తండల ఆడోళ్లు రెండు దినాలు మింగి అవతల పారేస్తరు."

"వేడి అనిపిస్తే సల్ల తాగించు," అన్నాను.

ఈ మాట నేను సూర్యాపేటలో నేర్చుకున్నాను. అక్కడ గర్భిణులకు ఐరన్ బిళ్లలు ఇచ్చి పంపితే సగం మంది 'వేడి' అని మానేసేవాళ్లు. మజ్జిగతో వేసుకోమని చెప్తే మానేవాళ్లు కాదు. బిళ్ల కడుపులో పడితే చాలుననుకున్నాను. కాల్షియం కవరు మీద 'పాలతో' అని రాశాను. పౌడరు డబ్బా మీద కూడా 'పాలతో' అనే రాశాను. యాభై ఐరన్ బిళ్లలు, యాభై కాల్షియం బిళ్లలు లెక్కపెట్టి ఇచ్చాను.

సెప్టెంబరు 20, మళ్లీ సోమవారం. సరిగ్గా నలభై రెండు రోజులు. ఇద్దరూ ల్యాబు కాగితంతో వచ్చారు. చాంది కాగితాన్ని గల్లా మీద పెట్టి, దాని మీద చెయ్యి పెట్టింది.

"ఒక్క దినం తప్పలే. ఆరు వారాలాయె. ఉన్నకాడ్నే ఉన్నది. నీ బిళ్లలల్ల మందున్నదా, సున్నమున్నదా?"

కాగితంలో 8.6 ఉంది. అంటే 0.2 పెరిగిందని సంతోషించడానికి లేదు. అప్పుడు మా దగ్గర రక్తాన్ని చిన్న గాజు గొట్టంలో పోసి, నీళ్లు చుక్క చుక్కగా కలుపుతూ, పక్కనున్న రంగు గాజుతో కంటితో పోల్చి అంకె చెప్పేవాళ్లు. కంటితో చూసే పద్ధతిలో 0.2 లెక్కలోకి రాదు. పెరగలేదనే అర్థం.

నాకు మొదట వచ్చిన అనుమానం అందరికీ వచ్చేదే. పిల్ల మందు వేసుకోవడం లేదు.

"మిగిలిన ఐరన్ బిళ్లలు తెచ్చినవా, చాందమ్మా?"

"ఎందుకు?"

"యాభై ఇచ్చాను. నలభై రెండు రోజులైంది. ఎనిమిది మిగలాలి."

ఆమె సంచి విప్పి అట్టను గల్లా మీద పడేసింది. సరిగ్గా ఎనిమిది. "గీ లెక్కల్ల నన్ను పట్టుకుందామనుకున్నవా? నేను ఒక్క సూపుతోని మందల మేకలన్ని లెక్కవెడ్త," అని నవ్వింది. సుజాత కూడా నవ్వింది, వెంటనే చెయ్యి అడ్డం పెట్టుకుంది. అయినా నాకు కనిపించింది. పళ్ల అంచుల వెంబడి నల్లటి చార.

"నీ పళ్లకేమైంది? పళ్లపొడి ఏం వాడుతున్నవ్?"

"వేపపుల్లనే మేడం. మందు తాగినంక గిట్ల నల్లగైతున్నయ్. ఎంత రుద్దినా పోతలేదు."

"తాగడమేంటి? బిళ్ల మింగడం లేదా?"

కోడలి బదులు అత్త చెప్పింది. "మింగుడెందుకు? నేనే నూరి పోస్తున్న."

నేను గల్లా వెనక నుంచి లేచి, లోపలున్న కల్వం తెచ్చి ఆమె ముందు పెట్టాను. కల్వమంటే మందులు నూరే రాతి గిన్నె, దాని గుండు. పక్కనున్న చాయ్ కొట్టు నుంచి ఒక గ్లాసు పాలు, ఒక గ్లాసు చాయ్ తెప్పించాను. "ఇంట్లో ఎట్ల చేస్తున్నవో ఇక్కడ అట్లనే చేసి చూపించు," అన్నాను.

చాంది గాజులు వెనక్కి జరుపుకుని కూర్చుంది. ఒక కాల్షియం బిళ్ల, ఒక ఐరన్ బిళ్ల కల్వంలో వేసి నాలుగు తిప్పులు తిప్పింది. ఆ చేతి వాటం చూస్తే మా కాలేజీలో మార్కులు పడేవి. పొడిని పాలలో పోసి, సంచిలో తెచ్చిన డబ్బాలోని ప్రోటీన్ పౌడరు రెండు చెంచాలు వేసి కలిపింది. "తెల్లారంగ ఉరికొస్తది కద, రాంగనే ఇస్త. నోరంత ఇనుప మొలలు నమిలినట్టున్నదంటది. అందుకని ఎనకనే చాయ్. వేడి చెయ్యకుంట సల్ల. గంతే."

"ఉరికొస్తదా? డాక్టరు వద్దన్నది కద?"

"నడిచొస్త," అంది సుజాత నేల చూస్తూ. "అప్పుడప్పుడు మెల్లగ ఉరుకుత."

ఆ సంగతి ఆ పూటకు వదిలేశాను. "అన్నీ కలిపి నూరమని నీకెవరు చెప్పారు?" అని అడిగాను.

ఆమెకు కోపం వచ్చింది. "ఎవలు చెప్పాలె? బాలింతకు కాయం వెట్టేటప్పుడు సొంఠి ఒక దినం, పిప్పళ్లు ఒక దినం, వాము ఒక దినం పెడ్తరా? అన్ని ఒక్కతాన పడితెనే ఒకదాని బలం ఒకదానికి అందుతది. నా చేతి కాయం తిన్న బాలింతలు నెల తిరక్కముందే నాట్లకు పోయిన్రు. నీ మందులు గూడ గట్లనే అనుకున్న. అయినా నువ్వే కద రాసిచ్చినవ్, పాలల్ల అని? సల్ల తాగించమన్నది ఎవలు?"

గల్లా ముందు అప్పటికి నలుగురు నిలబడి ఉన్నారు. నేను పుస్తకం తెరిచి ఆగస్టు 9 పేజీ తీశాను. చివరి గడి నా చేతిరాతే. 'ఐరన్, వేడి అంటే మజ్జిగ. కాల్షియం, పాలతో. పొడి, పాలతో.' ఆమె చేసిందాంట్లో నేను చెప్పనిది నూరడం ఒక్కటే.

చదివేవాళ్ల కోసం ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి. మింగిన ప్రతిదీ ఒంటికి పట్టదు. పేగు గోడను దాటి రక్తంలోకి చేరడాన్ని అబ్సార్ప్షన్ అంటారు. ఐరన్‌కు ఆ గోడ దాటడం కష్టం. పాలు, మజ్జిగ, కాల్షియం బిళ్ల దానితో పాటే కడుపులో ఉంటే దాటేది బాగా తగ్గిపోతుంది. చాయ్ మరీ చెడ్డది. అందులోని వగరు పదార్థం ఐరన్‌ను పట్టుకుని వదలదు. నిమ్మ, బత్తాయి, జామ, ఉసిరి లాంటి వాటిలోని విటమిన్ సి దాన్ని దాటిస్తుంది. ఇదంతా నేను చదివిన పాఠమే. టెట్రాసైక్లిన్ అనే మందు ఇచ్చేటప్పుడు 'పాలు తాగొద్దు' అని ప్రతి ఒక్కరికీ చెప్పేదాన్ని. ఐరన్ దగ్గరికి వచ్చేసరికి అదే పాఠాన్ని పక్కన పెట్టి, జనం బిళ్ల పారేయకుండా ఉంటే చాలని మజ్జిగ చెప్పాను. 1982 నుంచి 1993 దాకా పదకొండేళ్లు. ఎంతమందికి చెప్పానో లెక్క తీద్దామని ఆ రాత్రి పాత పుస్తకాలు ముందేసుకున్నాను. రెండు పుస్తకాలు కూడి ఆపేశాను.

కానీ అది తర్వాతి మాట. అప్పుడు నా ముందు చాంది కోపంగా కూర్చుని ఉంది. ఆమెకు పేగు గోడ గురించి చెప్తే లాభం లేదు. చాయ్ గ్లాసు దగ్గరకు జరిపి, మరో ఐరన్ బిళ్ల నూరి, చిటికెడు అందులో వేసి కలిపాను. చాయ్ రంగు మారింది. గోధుమ రంగు పోయి, బలపం కడిగిన నీళ్లలా, ఆపైన సిరాలా నల్లబడింది.

"అవ్వో," అంది చాంది.

"నీ కోడలి నెత్తుట్లోకి పోవాల్సింది గ్లాసులోనే ఆగిపోయింది. కడుపులోనూ ఇదే అవుతుంది."

ఆమె గ్లాసు ఎత్తి వెలుతురుకు పట్టి చూసింది. "చాయ్ ముచ్చట సరే. పాలల్ల గిట్ల నల్లగ కాలే కద? నా బర్రె పాలు. అమ్మకుంట దీనికని ఆపిన. పాలు చెడుపు చేస్తయంటే ఎట్ల నమ్మాలె?"

"పాలలో అయ్యేది కంటికి కనపడదు. ఈ కాగితంలో కనపడుతుంది. నలభై రెండు బిళ్లలకు పెరిగింది రెండు గింజలంత. కంటితో చూసేదాంట్లో అది లెక్కలోకి రాదు. నీ పాలు మంచివే. తప్పు నాది. నేను వేళ చెప్పలేదు. ఐరన్, పాలు ఒకే పూట కడుపులో కలవొద్దు."

చాంది తన లంబాడీ భాషలో కోడలితో ఏదో అంది. సుజాత నవ్వాపుకుంటూ నాకు చెప్పింది. "తోటికోడండ్లను ఒక్క పొయ్యి కాడ కూసోవెడితే ఇద్దరు కొట్లాడుకుంట కూర మాడగొడ్తరు, వేరు వేరుగ పిలవాలె అంటున్నది మేడం."

"అదే. ఇద్దరూ కావాలి. ఒకే పూట వద్దు," అన్నాను.

ఇక ఎప్పుడు ఏది అన్నది తేల్చాలి. నేను కాగితం తీసి గంటలు రాయబోతుంటే చాంది ఆపింది. "మా ఇంట్ల గడియారం లేదు. పొద్దు సూస్త. మబ్బు వడితే అదీ లేదు."

"గుంటూరు పోయే ప్యాసింజర్ ఉన్నది కద అత్తమ్మా," అంది సుజాత.

"ఆ రైలు ఒక రోజు పదిన్నరకు, ఒక రోజు పన్నెండుకు. దాన్ని నమ్ముకుని మందు వెయ్యలేం," అన్నాను.

అప్పుడు చాందికి తట్టింది సైరను. వాళ్ల తండాకు దగ్గర్లో ఒక సిమెంటు ఫ్యాక్టరీ ఉంది. షిఫ్టు మారేటప్పుడు పొద్దున ఆరుకు, మధ్యాహ్నం రెండుకు, రాత్రి పదికి సైరను మోగుతుంది. "అది మాత్రం చావనియ్యది, బతకనియ్యది. మా బర్రెలు గూడ దానికే లేస్తయ్."

సైరను చుట్టూ రోజునంతా కట్టాను. పొద్దున ఆరు సైరనుకు నడక ముగించి ఇంటికి రావాలి. రాగానే పాలు, అందులో పొడి, ఒక గుడ్డు. కష్టపడ్డ కండకు తిండి అందాల్సిన వేళ అది. డబ్బా అయిపోతే మళ్లీ కొనొద్దన్నాను. దాని మీద అచ్చు వేసిన వివరం చదివితే సగానికి పైగా చక్కెర. గుడ్డు, ఉడకబెట్టిన శనగలు అదే పని చేస్తాయి. పదకొండుకు అన్నం, తాగాలంటే అప్పుడే సల్ల. రెండు సైరనుకు ఐరన్ బిళ్ల. నూరొద్దు, మింగాలి. దాంతో సగం బత్తాయి, లేకపోతే నిమ్మకాయ నీళ్లు, కడుపులో మంట అనిపిస్తే చిన్న జామకాయ. ఆ తర్వాత పొద్దు వాలేదాకా చాయ్ లేదు, పాలు లేవు. రాత్రి అన్నం తిన్నాక కాల్షియం, దాంతో కావాలంటే పాలు. వేళ మార్చినట్టు డాక్టరుతో చెప్పి, సరేననిపించుకున్నాను.

బత్తాయిలు ఎక్కడి నుంచి తెస్తారా అని నేను అనుకుంటుండగానే చాంది లేచింది. "మా తండ పక్కన తోటనే ఉన్నది. రాలినయ్ ఎవలు తిన్నా అనరు. గని మందులమ్మా, గిది గూడ తప్పయితే?"

"అప్పుడు తప్పని నేనే చెప్తాను. ఐదు వారాల తర్వాత రా."

అక్టోబరు 25. కాగితంలో 9.7. ఐదు వారాల్లో 1.1 పెరిగింది. పళ్ల మీది చార పలచబడింది. నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. కానీ డాక్టరు పది అంటే పదేనంది. పరుగుకు వీల్లేదంది. పీఈటీ సారు ఇంకా ఆలస్యమైతే కాళ్లకు వేగం రాదంటున్నాడట.

చాంది గల్లా మీదికి వంగి గొంతు తగ్గించింది. "మూడు గింజలే కద తక్కువ. కంటితోని సూసేదానికి గింత పట్టుదలేంది? నువ్వే అంటివి, రెండు గింజలు లెక్కల రావని. ఆ ల్యాబు పిలగానికి ఒక మాట చెప్పు. పది అని రాస్తే ఎవరిది ఏం పోతది?"

నా మాటనే నాకు అప్పజెప్పింది. ఆమె లెక్క తప్పు కాదు. సెప్టెంబరులో 0.2 తేడా కాదన్న మనిషిని, ఇప్పుడు 0.3 తేడా అంటే ఎలా? జవాబు సుజాత చెప్పింది.

"వద్దత్తమ్మా. గ్రౌండుల ఉరికేది నేను. కాగితం ఉరకదు. మధ్యల గుండె ఆగినంత పనైతే ఆ పది ఏం జేస్కుంటం?"

"పోలీసు అప్పుడే అయినట్టున్నది గిది," అని చాంది సంచి భుజాన వేసుకుంది.

తర్వాత నాలుగు వారాలు నాకు బాగా గుర్తు. పుస్తకంలో రాయలేదు గానీ, దుకాణంలో రోజూ రెండు కాగానే గడియారం వైపు చూసేదాన్ని. ఇప్పుడు మింగుతుంటుంది అనుకునేదాన్ని. ఇంతకు ముందు ఏ మందు గురించీ, ఇచ్చి పంపాక అలా అనుకోలేదు.

నవంబరు 22. 10.9.

ల్యాబు అతను నమ్మక రెండోసారి చూశాడట. మళ్లీ 10.9. డాక్టరు చీటీలో పాత వాక్యం మీద అడ్డంగా గీత కొట్టి, 'పరుగు మొదలుపెట్టవచ్చు' అని రాసింది. సుజాత ఆ కాగితాన్ని నాకు చూపించి, మళ్లీ మడిచి, మళ్లీ విప్పి తనే చదువుకుంది. చాంది నాకు రెండు బత్తాయిలు ఇచ్చింది. "రాలినయ్ కావు, కోసినయ్," అని చెప్పి మరీ ఇచ్చింది.

పరీక్షకు మూడు వారాలే ఉన్నాయి. నోటీసులో అచ్చయిన దూరం, సమయం నేను రాసుకోలేదు కాబట్టి చెప్పను. కాలేజీ గ్రౌండులో పీఈటీ సారు పెట్టిన లెక్క మాత్రం సుజాత చెప్తే రాశాను. గ్రౌండు చుట్టూ రెండు చుట్లు, నాలుగు నిమిషాల పదిహేను సెకన్లలోపు. జూలైలో, రక్తం సంగతి తెలియక ముందు, ఆమెకు ఐదు నిమిషాల ఐదు సెకన్లు పట్టేది, అదీ మధ్యలో ఆగి. నవంబరు 24న నాలుగు నలభై. డిసెంబరు 1న నాలుగు ఇరవై రెండు. డిసెంబరు 8న నాలుగు పద్నాలుగు. ఒక్క సెకను మిగిలింది.

పరీక్ష నల్లగొండలో జరిగింది. నేను వెళ్లలేదు, దుకాణం మూసే రోజు కాదు. మర్నాడు చాంది ఒక్కతే వచ్చింది. ఆమె మొహం చూస్తే ఏమీ తెలియలేదు. గల్లా ముందు బల్ల మీద కూర్చుని, మంచినీళ్లు అడిగి, తాగి, అప్పుడు మొదలుపెట్టింది.

"ఆడోళ్లు మందికి మంది వచ్చిన్రు. బూట్లేసుకున్నోళ్లు, సిటీ పొల్లలు. మాదానికి కాన్వాసు బూట్లు, అవి గూడ పీఈటీ సారువే, ముందట గుడ్డ కుక్కినం. ఈల కొట్టంగనే అందరు కోళ్లగంప తీసినట్టు ఉరికిన్రు. మాది ఎనకవడ్డది. బయట ఉన్న నేను, లోపటికి రానియ్యలే. తడిక సందుల్కెల్లి సూస్తున్న. సగం కాడికి వచ్చినంక ముందల ఉరికినోళ్లు ఒగరెంక ఒగరు నడుముల మీద చేతులు పెట్టుకుంటున్నరు. మాది మాత్రం ఎట్ల పోయిందో గట్లనే వస్తున్నది. దమ్ము పోలే. నోరు మూస్కోని, ముక్కుతోని. నిరుడు బర్రెను తోలుకొచ్చినా రొప్పేది గిది. నిన్న రొప్పలే."

"పాసైందా?" అన్నాను.

"కాకపోతే నేను గీడికొచ్చి నీ నీళ్లు తాగుతనా?" అని అప్పుడు నవ్వింది. "ఎనిమిదో నెంబర్ల వచ్చింది. ఎనిమిది సాలు."

రాతపరీక్ష తర్వాత 1994 మేలో జాబితా వచ్చింది. అందులో సుజాత నెంబరు ఉంది. ట్రైనింగుకు పోయే ముందు ఆమె చివరిసారి పరీక్ష చేయించుకుంది, 12.1. ఆ కాగితం నకలు నా పుస్తకంలో అంటించుకున్నాను.

చాంది నా దగ్గరికి రావడం మానలేదు. తండాలో కాన్పులకు ముందు ఐరన్ వాడే ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చేది. నేను నోరు తెరిచేలోపు ఆమే చెప్పేది. "గిది రెండు సైరనుకు. గిది బువ్వ తిన్నంక. కాయం నేను నూరుత, బిళ్లలు మాత్రం నూరొద్దు." ఒకసారి ఒక పిల్ల చాయ్ మానలేనంటే, నా చేత మళ్లీ గ్లాసు నల్లగా చేయించి చూపించింది. కాయం గురించి నేను ఆమెతో వాదించలేదు. ఆమె కాయం ఆమెకు తెలుసు. నా బిళ్ల నాకు తెలుసనుకున్నాను, నలభై రెండు రోజులకు అది తప్పని తేలింది.

నిజానికి చాంది మందుల విషయంలో అశ్రద్ధ చేయలేదు. రోజు తప్పకుండా, ఒక్క బిళ్ల పోనివ్వకుండా, నేను రాసిన ప్రతి మాటా పాటించింది. మూడు మాటలు కలిస్తే ఏమవుతుందో చూడాల్సింది నేను. ఒక్కో కవరు మీద ఒక్కో మాట విడివిడిగా రాసి, అవన్నీ ఒకే మనిషి ఇంట్లో, ఒకే గ్లాసులో చేరతాయని ఆలోచించలేదు. ఆ కేసు తర్వాత కవర్ల మీద 'పాలతో' అని రాయడం మానేశాను. మందులన్నీ గల్లా మీద పక్కపక్కన పెట్టి, ఏది ఏ పూటో ఒకే కాగితం మీద రాసిచ్చేదాన్ని. మందు తీసుకునే మనిషి దాన్ని తన నోటితో నాకు తిరిగి చెప్పేదాకా సంచి చేతికిచ్చేదాన్ని కాదు. మజ్జిగ మాట చెప్పి పంపిన పాతవాళ్లలో మళ్లీ వచ్చిన ప్రతి ఒక్కరికీ, తప్పు చెప్పానని చెప్పి, సరిచేశాను. రాని వాళ్లకు చెప్పలేకపోయాను.

అందరికీ ఇది నచ్చేది కాదు. 1996లో ఒకరోజు, నేరేడుచర్ల బస్సు అందుకోవాల్సిన ఒక పెద్దమనిషి సంచి కోసం చెయ్యి చాపి, "మందులిస్తవా అమ్మా, పరీక్ష వెడ్తవా?" అన్నాడు.

"రెండూ," అన్నాను. "ఇంటికి పోయినంక మొదట ఏది వేసుకుంటారో చెప్పండి."

ఆయన విసుక్కుంటూనే చెప్పాడు. రెండోది తప్పు చెప్పాడు. మళ్లీ మొదటి నుంచి చెప్పించాను. బస్సు పోయింది. తర్వాతి బస్సు వచ్చేదాకా నా బల్ల మీదే కూర్చుని, కాగితం చూడకుండా, మూడు మందులూ మూడు పూటలూ తప్పు లేకుండా చెప్పి లేచాడు.